డిజిటల్ అరెస్టు
డిజిటల్ అరెస్టు అనేది భారతదేశంలో ముఖ్యంగా వృద్ధులను లక్ష్యంగా చేసుకొని జరుగుతున్న ఒక సైబరు మోసం. మోసగాడు సి.బి.ఐ. లేదా పోలీసు అధికారి వేషంలో వీడియో కాల్ చేసి, బాధితుని ఆధార్ సంఖ్య అక్రమ నగదు చలామణి కేసులో బయటపడిందని బెదిరిస్తాడు. కాల్ ఆపరాదనీ, ఈ విషయం కన్నపిల్లలకు సైతం చెప్పరాదనీ ఆజ్ఞాపిస్తాడు; మోసమంతా ఈ ఒంటరితనంపైనే నిలుస్తుంది. తనిఖీ పేరుతో ఫిక్స్‌డ్ డిపాజిట్లను కూడా రద్దు చేయించి, ఆ సొమ్మును ఇతర ఖాతాలకు మళ్ళిస్తారు. నిజానికి భారతీయ చట్టాలలో ఇటువంటి అరెస్టు లేనే లేదు.

నకిలీ కోర్టు ఉత్తర్వులతో మోసపోయిన అంబాలా (హర్యానా) వృద్ధ దంపతుల ఫిర్యాదును 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించి, డిసెంబరులో ఇటువంటి కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేస్తే, సొమ్ము ఖాతాలు దాటిపోకముందే బ్యాంకులు దానిని నిలిపివేసే అవకాశముంది.