పొగ వాయువులో మలినాలు: అమైన్ పద్ధతి చరిత్ర

బాయిలర్లు, కొలుముల పొగ నుంచి బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, అమైన్ ద్రావణంతో పట్టేటప్పుడు ఆ ద్రావణాన్ని చెడగొట్టే పదార్థాలను పొగ వాయువు మలినాలు అంటారు. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఎగిరే బూడిద వీటిలో ముఖ్యమైనవి. ఆక్సిజన్‌ను మలినం అనలేం గానీ, అమైన్‌కు అది చేసే చెరుపు తక్కువేమీ కాదు. తెలుగు నేల మీద ఈ పద్ధతి పెద్ద ఎత్తున నడిచిన చోటు కాకినాడ.

అమైన్లు క్షార గుణం ఉన్నవి. సుమారు 40 డిగ్రీల దగ్గర బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటాయి, 120 డిగ్రీలకు వేడి చేస్తే వదిలేస్తాయి. ఆ ద్రావణాన్నే చల్లార్చి మళ్లీ వాడతారు. చిక్కంతా గంధకంతో వస్తుంది. బొగ్గుపులుసు వాయువు బలహీనమైన ఆమ్లం కనుక వేడికి విడిపోతుంది. సల్ఫర్ డయాక్సైడ్ అంతకంటే బలమైనది. అది ఈ పనికి వాడే అమైన్‌తో కలిస్తే ఏర్పడే లవణం ఆ వేడికి విడిపోదు. అలా చిక్కుకున్న అమైన్ ఇక పనికి రాదు. అందుకే మోనోఇథనాలమైన్ వాడే చోట్ల పొగలో సల్ఫర్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 10కి మించకూడదని ఇంజనీర్లు హద్దు పెట్టుకున్నారు. నైట్రోజన్ డయాక్సైడ్ కొన్ని రకాల అమైన్లతో కలిసి నైట్రోసమైన్లను పుట్టిస్తుంది. వాటిలో చాలావాటికి క్యాన్సర్ కలిగించే గుణం ఉంది. బూడిద గొట్టాలకు అడ్డుపడుతుంది, ద్రావణాన్ని నురగ కట్టిస్తుంది.

ఈ పద్ధతికి 1930లో అమెరికాలో ఆర్.ఆర్. బాటమ్స్ పేటెంటు పొందాడు. అప్పట్లో దాని పని సహజ వాయువులోని ఆమ్ల వాయువులను తీసేయడం. అక్కడ ఆక్సిజన్ ఉండదు, బూడిద ఉండదు. పొగ దగ్గరికి వచ్చేసరికి అవన్నీ ఎదురయ్యాయి. 1978లో కాలిఫోర్నియాలోని ట్రోనాలో సోడా యాష్ తయారీకి బొగ్గు బాయిలర్ పొగ నుంచే ఈ వాయువును పట్టడం మొదలుపెట్టారు. 1990 నుంచి జపాన్‌లో మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్, కన్సాయ్ ఎలక్ట్రిక్ కలిసి పరిశోధన చేసి, త్వరగా చెడని కేఎస్-1 అనే ద్రావణాన్ని తయారుచేశాయి. దాని తొలి వాణిజ్య ప్లాంటు 1999లో మలేసియాలోని ఒక ఎరువుల కర్మాగారంలో వచ్చింది. 2006లో ఇఫ్కో వారి ఆవ్లా, ఫూల్పూర్ కర్మాగారాలు, 2009లో కాకినాడలోని నాగార్జున ఫెర్టిలైజర్స్ దాన్ని తెచ్చుకున్నాయి. ఈ మూడింటిలో ఒక్కోదాని సామర్థ్యం రోజుకు 450 టన్నులు.

ఎరువుల కర్మాగారానికి పొగతో ఏం పని? కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు వరి మళ్లలో చల్లే 45 కిలోల యూరియా బస్తా తయారు కావడానికి దాదాపు 33 కిలోల బొగ్గుపులుసు వాయువు కావాలి. సహజ వాయువు నుంచి అమ్మోనియా తీసేటప్పుడు ఈ వాయువు కూడా వస్తుంది గానీ, అమ్మోనియా అంతటినీ యూరియాగా మార్చడానికి చాలదు. సహజ వాయువు బదులు నాఫ్తా అనే పెట్రోలియం ద్రవంతో నడిచినప్పుడు ఈ కరువు లేదు. సహజ వాయువుతో నడిచేటప్పుడు మాత్రం అమ్మోనియా తయారీలో భాగమైన రిఫార్మర్ కొలిమి పొగ నుంచి ఆ లోటు పూడ్చుకున్నారు. లెక్క ప్రకారం 450 టన్నులంటే రోజుకు 600 టన్నులకు పైగా యూరియా. వాతావరణాన్ని కాపాడాలన్న ఉద్దేశం ఇందులో పెద్దగా లేదు, ఇది ఎరువుల లెక్క. కాకినాడ పద్ధతి సాగడానికి ద్రావణం ఎంత కారణమో ఇంధనం అంత కారణం. సహజ వాయువు మంటలో బూడిద రాదు, గంధకం నామమాత్రం.

బొగ్గు దగ్గర కథ వేరు. 2014లో కెనడాలోని బౌండరీ డ్యామ్ బొగ్గు విద్యుత్ కేంద్రం సల్ఫర్ డయాక్సైడ్‌ను ముందుగా వేరే అమైన్‌తో తీసేసింది. అయినా బూడిద చేరి పరికరాలు పూడుకుపోయాయి, ద్రావణం అనుకున్నదానికంటే త్వరగా చెడింది. 2017లో టెక్సస్‌లో బొగ్గు పొగ మీద మొదలైన పెట్రా నోవా ప్లాంటులో వాడింది కాకినాడ ద్రావణమే, పరిమాణం పది రెట్లకు పైగా. అక్కడ పొగను ముందు కాస్టిక్ సోడా నీళ్లతో కడిగాకే అమైన్ స్తంభంలోకి పంపారు. మన దేశంలో 2022లో వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ రోజుకు 20 టన్నులు పట్టే చిన్న ప్లాంటును ప్రారంభించింది.

తెలంగాణలో ఇలాంటి ఆలోచన ఎప్పుడు చేసినా మొదట చూపు పడేది రామగుండం వంటి బొగ్గు కేంద్రాల మీదే. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువే, బూడిద మాత్రం దండిగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ 2015 డిసెంబరు నిబంధనలు 2017 నుంచి వచ్చే విద్యుత్ కేంద్రాలకు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ హద్దు పెట్టాయి. అది పది లక్షల పాళ్లలో దాదాపు 35. అంటే ప్రభుత్వ హద్దును తు.చ. తప్పకుండా పాటించిన పొగలో కూడా అమైన్ ఓర్చుకోగల దానికి మూడింతలకు పైగా గంధకం ఉండవచ్చు. 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం చాలా బొగ్గు యూనిట్లకు గంధకాన్ని తొలగించే యంత్రాలు పెట్టనవసరం లేదని సడలింపు కూడా ఇచ్చింది. కరెంటు ధర వరకు అది ఊరటే కావచ్చు. రేపు అక్కడ అమైన్ స్తంభం నిలబెట్టాలనుకునేవారు మాత్రం గంధకం కడిగే ఖర్చు మొత్తాన్నీ తమ పద్దులోనే రాసుకోవాలి.