తెర వెనక దుబాసి

మొన్న మే నెలలో మా ఇంటి కంప్యూటరు తెర మీద అక్షరాలు ఉన్నట్టుండి రాగిముద్దలంత అయిపోయాయి. అది 2008లో అనంతపురంలో కొన్న మిషను. పిల్లల ఇంజనీరింగు చదువులన్నీ దాని మీదే గడిచాయి. వైరస్ పట్టిందని ఊళ్ళో ఒక షాపుకి ఇస్తే డిస్కు ఫార్మాట్ కొట్టి, విండోస్ 7 మళ్ళీ ఎక్కించి ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే ఇదీ వరస. ఫొటోలు అడ్డంగా సాగాయి. పేజీ కిందికి జరపబోతే మెట్టుమెట్టుగా, ఈడ్చినట్టు జరుగుతోంది. మళ్ళీ తీసుకెళ్తే ఆ అబ్బాయి, "బోర్డు పోయిందన్నా. పాత సామాను, ఇంక లాభం ల్యాదు. కొత్తది తీసుకోండి" అన్నాడు.

బోర్డు పోలేదు. పోయింది డ్రైవరు.

కుంఫిణీ రోజుల్లో దొరకి తెలుగు రాదు, రైతుకి ఇంగ్లీషు రాదు. మధ్యన దుబాసి నిలబడేవాడు. కంప్యూటరులో గ్రాఫిక్స్ డ్రైవరు చేసే పని సరిగ్గా అదే. "ఇక్కడొక గీత గియ్యి" అని విండోస్ చెబుతుంది. ఆ మాటను తెరను నడిపే చిప్ భాషలోకి డ్రైవరు మారుస్తుంది. చిప్‌కి చిప్‌కి భాష వేరు, కాబట్టి దుబాసీ వేరు.

మొదట్లో ఈ దుబాసి అందరికీ ఉమ్మడిగా లేడు. 1981లో ఐబీఎం పీసీ వచ్చాక కొన్నేళ్ళపాటు ప్రతి సాఫ్ట్‌వేరూ తన దుబాసిని తానే వెంట తెచ్చుకునేది. లోటస్ 1-2-3కి ఒకటి, ఆటోక్యాడ్‌కి ఇంకొకటి. కొత్త డిస్‌ప్లే కార్డు కొంటే దాంతోపాటు ఫ్లాపీలు వచ్చేవి, ఒక్కో సాఫ్ట్‌వేరుకి ఒక్కో డ్రైవరు. 1985లో విండోస్ తొలి కూర్పు ఈ పద్ధతిని మార్చింది. సాఫ్ట్‌వేర్లన్నీ విండోస్‌తో మాట్లాడాలి, విండోస్ ఒక్కటే డ్రైవరుతో మాట్లాడుతుంది. 1990లో విండోస్ 3.0తో ఈ ఏర్పాటు జనంలోకి వచ్చింది. ఇప్పుడు మనం డ్రైవరు అంటున్నది దీన్నే.

పాత కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకి ఈ చరిత్ర ఎందుకంటే, తెర మీద కనబడే ప్రతి రోగానికీ ఒక పుట్టిన సంవత్సరం ఉంది. అది తెలిస్తే మందు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

అక్షరాలు లావెక్కడం 1987 నాటి సంగతి. ఆ ఏడు ఐబీఎం వీజీఏ అనే పద్ధతి తెచ్చింది: 640×480 చుక్కలు, 16 రంగులు. దాన్ని ఎంతమంది అనుకరించారంటే తర్వాత వచ్చిన ప్రతి చిప్పూ తన సొంత భాషతోపాటు ఆ భాషా నేర్చుకోవలసి వచ్చింది. విండోస్‌కి అసలు డ్రైవరు దొరక్కపోతే వీజీఏకి, దాని మీద వెసా సంఘం తర్వాత కలిపిన పొడిగింపులకి దిగిపోతుంది. బొమ్మ వస్తుంది గానీ గీతలు గీసే చాకిరీ అంతా ప్రాసెసరు నెత్తిన పడుతుంది. మా మిషను ఈడ్చుకుంటూ నడిచింది అందుకే. డివైస్ మేనేజర్ తెరిస్తే కార్డు పేరు ఉండాల్సిన చోట "స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్" అని ఉంది. ఆ పేరు కనబడితే చిప్ చచ్చిపోలేదు, దుబాసి రాలేదు అని అర్థం.

గ్రాఫిక్స్ డ్రైవరు తప్పుకి కంప్యూటరు మొత్తం ఆగి నీలి తెర పడటం 1996 నాటిది. విండోస్ ఎన్‌టీలో అప్పటిదాకా గ్రాఫిక్స్ పనిని కెర్నల్ అనే విండోస్ గర్భగుడి బయట ఉంచారు. 4.0 కూర్పులో వేగం కోసం దాన్ని కెర్నల్ లోపలికి తెచ్చారు. డ్రైవరు గర్భగుడిలోకి వచ్చింది కాబట్టి అది తప్పటడుగు వేస్తే గుడి మొత్తం కూలుతుంది. 2001లో ఎక్స్‌పీతో ఈ కట్టుబడి ఇళ్ళలోకీ వచ్చింది.

ఇక తెర ఒక్క క్షణం నల్లబడి, తిరిగి వచ్చి, "డ్రైవరు స్పందించడం మానేసి మళ్ళీ కోలుకుంది" అని మూలన మాట కనిపించడం. ఇది విండోస్ విస్టాతో వచ్చింది. డ్రైవరులో ఎక్కువ భాగాన్ని మళ్ళీ కెర్నల్ బయటికి తెచ్చి, చిప్ రెండు సెకన్లలోపు జవాబివ్వకపోతే దాన్ని రీసెట్ చేసే కాపలా పెట్టారు. మార్పు మంచిదే గానీ డ్రైవర్లు రాసేవాళ్ళు దానికి సిద్ధంగా లేరు. విస్టా మీద అమెరికాలో నడిచిన ఒక దావాలో 2008లో బయటపడ్డ మైక్రోసాఫ్ట్ కాగితాల ప్రకారం, నమోదైన క్రాష్‌లలో దాదాపు 29 శాతం ఎన్విడియా డ్రైవర్లవే.

ఈ రెండు సెకన్ల దగ్గర మా అనంతపురం వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే నేల ఇది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలే ఎర్రదుమ్మును కిటికీల్లోంచి ఇంట్లో పోస్తుంది. క్యాబినెట్ మూత విప్పితే కార్డు ఫ్యాను రెక్కల మధ్య ఆ దుమ్ము గడ్డకట్టి, జంపఖానా ముక్కలా ఊడొచ్చింది. ఫ్యాను తిరగకపోతే చిప్ వేడెక్కి తడబడుతుంది, రెండు సెకన్లు దాటిపోతాయి. పైకి కనబడేది డ్రైవరు తప్పు, లోపల ఉన్నది దుమ్ము. అందుకని డ్రైవరు జోలికి పోయేముందు కరెంటు తీగ పీకి, ఫ్యాను తిరక్కుండా వేలితో ఆపి, బ్లోయరుతో ఊదండి.

అసలు డ్రైవరు దొరకడానికి కార్డు పేరు తెలియాలి. మా కార్డు మిషను కొన్నాక విడిగా బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్నది. దాని అట్టపెట్టె ఎప్పుడో పోయింది. పక్కింటి జేఎన్‌టీయూ పిల్లోడు వచ్చి, "మామా, డివైస్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడు" అన్నాడు. అక్కడ "వెన్" అన్న అక్షరాల పక్కన నాలుగంకెలు ఉంటాయి, కొన్నిటి చోట ఇంగ్లీషు అక్షరాలూ ఉండొచ్చు. 8086 ఉంటే ఇంటెల్. 1978లో వచ్చిన తమ ప్రాసెసరు అంకెనే వాళ్ళు ఇంటిపేరుగా పెట్టుకున్నారు. 1002 ఉంటే ఏఎమ్‌డీ. మాదాంట్లో 10డీఈ, అంటే ఎన్విడియా. దాని పక్కన "డెవ్" తర్వాతి నాలుగంకెలు మోడలు. మా కార్డు తరానికి విండోస్‌లో ఆఖరి డ్రైవరు 2016 డిసెంబరులో వచ్చిన 342.01. కంపెనీ సైటులోంచే దింపి వేస్తే పది నిమిషాల్లో తెర మామూలైంది. కొత్త డ్రైవరైతే మంచిదనుకుని ఇంకోటి వేస్తే పాత చిప్‌ని అది గుర్తే పట్టదు. ఉచితంగా డ్రైవర్లు అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి అసలు పోవద్దు.

పోనీ కొత్త విండోస్ ఎక్కిద్దామంటే ఆ దారీ మూసుకుపోయింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల పూర్వీకుల ఊరు మా వైపే, యల్లనూరు మండలం బుక్కాపురం. ఆయన హయాంలో 2015లో వచ్చిన విండోస్ 10 విస్టా నాటి డ్రైవరు పద్ధతిని కూడా ఒప్పుకునేది. 2021లో వచ్చిన 11 ఒప్పుకోదు. 2025 అక్టోబరు 14న 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. నడుస్తున్న మిషన్లను ఇలా వెనక్కి నెట్టడం నాకు బాధగా ఉంది. వేరుశనగ ఒక ఏడు చేతికొస్తే తప్ప కంప్యూటరు మాట ఎత్తలేని ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఆ ఇళ్ళకి దారి విండోస్‌కి బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్‌లో ఉంది. బ్రయాన్ పాల్ 1993లో ఒంటరిగా మొదలుపెట్టిన మీసా అనే ఉచిత గ్రాఫిక్స్ లైబ్రరీలో 2002 నాటి రేడియాన్ 9700 తరానికి కూడా డ్రైవరు ఉంది. ఎన్విడియా చిప్‌ల భాషను, కంపెనీ చెప్పకపోయినా, బయటినుంచి గమనించి నేర్చుకుని రాసిన నూవో డ్రైవరు 2010లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. పెన్‌డ్రైవుతో లినక్స్ ఎక్కించేటప్పుడు తెర నల్లగా నిలిచిపోతే బూట్ వరసలో "నోమోడ్‌సెట్" అన్న మాట చేర్చండి, చాలాసార్లు బొమ్మ వస్తుంది.

మీ ఇంట్లోనూ పాత కంప్యూటరు ఉంటే, అది నడుస్తున్నప్పుడే ఆ హార్డ్‌వేర్ ఐడీ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. డ్రైవరు ఫైలును పెన్‌డ్రైవులో వేసి, ఆ కాగితంతో కలిపి క్యాబినెట్ మూతకి లోపలివైపు అతికించండి. ఫార్మాట్‌కి ఇచ్చేటప్పుడు ఆ సంగతి షాపు అబ్బాయికి చెప్పండి.