బంగాళాఖాతంలో బొగ్గు వేట

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైల్వే యార్డు పక్కన పెరిగే తెలుగు పిల్లలకు బొగ్గు వ్యాగన్లు కొత్త కాదు. 1914లో మన దేశపు బొగ్గే ఒక జర్మన్ యుద్ధనౌకను నడిపింది!

దాని పేరు ఎమ్డెన్. 1908లో డాంజిగ్‌లో జలప్రవేశం చేసిన తేలికరకం క్రూయిజర్ అది. 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది, వేగం సుమారు 24 నాట్లు. దాని ఆవిరి యంత్రాలకు నిత్యం టన్నులకొద్దీ బొగ్గు కావాలి. బంగాళాఖాతం తీరంలో జర్మనీకి ఒక్క రేవూ లేదు. మరి బొగ్గు ఎలా? పట్టుకున్న ఓడల నుంచి కూడా! సెప్టెంబరులో చిక్కిన పాంటోపోరోస్ అనే గ్రీకు ఓడలో సుమారు 6,500 టన్నుల భారతదేశపు బొగ్గు ఉంది. అయితే అందులో బూడిద ఎక్కువ, పొగ దట్టం. దాగి తిరిగే నౌకను పొగే పట్టిస్తుంది.

సెప్టెంబరు 22 రాత్రి కెప్టెన్ ఫాన్ ముల్లర్ మద్రాసు రేవులోని చమురు ట్యాంకులను పేల్చాడు. కనీసం ఐదుగురు మరణించారు. భయంతో జనం ఊరు విడిచారు. 27న వేల్స్ బొగ్గు మోస్తున్న బ్యురెస్క్ ఓడ అతనికి చిక్కింది. ఆ మేలురకం బొగ్గు ఎమ్డెన్‌కు పెద్ద అండ.

నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఎమ్డెన్ నావికులకు దూరాన పొగ కనిపించింది. బ్యురెస్క్ వస్తోందనుకున్నారు. వచ్చింది 6 అంగుళాల ఫిరంగులున్న ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ. ఎమ్డెన్ కథ ఆ రోజుతో ముగిసింది.