ఇథిలీన్

ఇథిలీన్ (ఈథీన్) ఆల్కీన్ల శ్రేణిలో మొదటిది, అతి సరళమైనది. కార్బన్ల మధ్య ద్విబంధం గల హైడ్రోకార్బన్లను ఆల్కీన్లు అంటారు. రెండు కార్బన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు గల ఈ వాయువుకు రంగు లేదు. ఇది కాయలను పండించే సహజ వృక్ష హార్మోను కూడా. అందువలన మామిడికి పేరొందిన చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో దీనికి ప్రాధాన్యం కలదు.

నిర్మాణము, బంధము

ఇథిలీన్‌లోని ప్రతి కార్బన్ ఎస్‌పీ2 సంకరీకరణం చెందుతుంది. సంకర ఆర్బిటాళ్లు సుమారు 120 డిగ్రీల కోణంలో అమరి, కార్బన్ల మధ్య ఒకటి, హైడ్రోజన్లతో నాలుగు సిగ్మా-బంధాలను ఏర్పరుస్తాయి. మిగిలిన పీ-ఆర్బిటాళ్లు పక్కపక్కన అతిపాతం చెందగా పై-బంధం ఏర్పడుతుంది. ఆరు పరమాణువులూ ఒకే తలంలో ఉంటాయి. ద్విబంధం పొడవు 1.34 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఈథేన్‌లోని ఏకబంధం పొడవు 1.54. ద్విబంధం చుట్టూ స్వేచ్ఛా భ్రమణం ఉండదు. కనుకనే 2-బ్యూటీన్ సిస్, ట్రాన్స్ అనే రెండు రూపాలలో లభిస్తుంది.

చర్యాశీలత

ఏకబంధ శక్తి మోల్‌కు సుమారు 347 కిలోజౌళ్లు, ద్విబంధ శక్తి సుమారు 611. అనగా పై-బంధం సిగ్మా-బంధం కంటె బలహీనమైనది. అది తెగి, ఆ స్థానంలో కొత్త సిగ్మా-బంధాలు ఏర్పడడమే సంకలన చర్య.

* నికెల్ ఉత్ప్రేరక సమక్షంలో హైడ్రోజన్‌తో కలిసి ఈథేన్ ఇస్తుంది.
* బ్రోమిన్ నీటి ఎరుపు-గోధుమ రంగును పోగొడుతుంది. ద్విబంధాన్ని గుర్తించడానికి ఇది ప్రయోగశాల పరీక్ష.
* అనేక అణువులు వరుసగా కలిసి పాలిథీన్‌గా మారుతాయి.

ప్రొపీన్ వంటి అసౌష్ఠవ ఆల్కీన్‌తో హైడ్రోజన్ బ్రోమైడ్ చర్య జరిపినపుడు, హైడ్రోజన్లు ఎక్కువగా ఉన్న కార్బన్‌కే కొత్త హైడ్రోజన్ చేరుతుంది. దీనిని మార్కోనికాఫ్ నియమం అంటారు.

మామిడి మాగబెట్టుట

చిత్తూరు ప్రాంతం తోతాపురి (బెంగుళూర) మామిడికి, గుజ్జు పరిశ్రమకు ప్రసిద్ధి. కాయలోని గ్రాహక ప్రోటీన్‌లో ఉన్న రాగి అయాన్‌కు ఇథిలీన్ పై-ఎలక్ట్రాన్ల ద్వారా బంధితమవుతుంది. దానితో పిండిపదార్థం చక్కెరగా మారడం, కాయ మెత్తబడడం వేగవంతమవుతాయి. ముదరని కాయకు రంగు వచ్చినా తగినంత తీపి రాదు.

కాల్షియం కార్బైడ్ తేమతో కలిసి విడుదల చేసేది ఇథిలీన్ కాదు, త్రిబంధం గల ఎసిటిలీన్. వ్యాపార శ్రేణి కార్బైడ్‌లోని మలినాల వలన విషపూరితమైన ఆర్సీన్, ఫాస్ఫీన్ వాయువులు కూడా వెలువడవచ్చు. కార్బైడ్‌తో పండ్లను మాగబెట్టడం 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం నిషిద్ధం. పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు ఇథిలీన్ వాయువును వాడుటకు 2016లో అనుమతి లభించింది. గాలిలో సుమారు 2.7 శాతం మించితే ఇథిలీన్ నిప్పు తగిలి పేలగలదు. కావున మాగబెట్టే గదులలో దాని మోతాదును కొలుస్తూ ఉండవలెను.