సిమ్లాలో ఏడు సంపుటాలు

మా స్టడీ సర్కిల్లో ఒక ఆదివారం కాంగ్రెస్ పుట్టుక గురించి మాట్లాడాను. పాతికేళ్ళుగా ఊరూరా చెప్పిన ఉపన్యాసమే కాబట్టి కాగితం ముక్క కూడా అక్కర్లేదు. ఏ.ఓ. హ్యూమ్ అనే ఇంగ్లీషు అధికారి సిమ్లాలో ప్రభుత్వ రహస్య నివేదికలు ఏడు సంపుటాలు చదివాడు, దేశం బద్దలవబోతోందని తెలుసుకున్నాడు, వైస్రాయి డఫ్రిన్‌తో మంతనాలాడి, జనం కోపం ఆవిరైపోవడానికి 1885లో కాంగ్రెస్ అనే సేఫ్టీ వాల్వు బిగించాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని రక్షక కవాట సిద్ధాంతం అంటారు. గ్రూప్స్‌కి చదివేవాళ్ళందరికీ తెలుసు.

మీటింగు అయ్యాక, పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి అడిగింది. "సార్, ఆ ఏడు వాల్యూములు ఇప్పుడెక్కడున్నాయి? ఢిల్లీ ఆర్కైవ్స్‌లోనా, లండన్‌లోనా?"

నా దగ్గర జవాబు లేదు. "చూసి చెప్తానమ్మా" అన్నాను. బాబాలు గాల్లోంచి తీసే విభూతి ఎక్కడినుంచి వచ్చిందో అడగమని ఊరందరికీ చెప్పేవాణ్ణి. ఈ ఏడు సంపుటాలు ఎక్కడినుంచి వచ్చాయో పాతికేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదంటే నమ్మండి.

వెతకడం మొదలుపెట్టాను. కథకు మూలం హ్యూమ్ మిత్రుడు విలియం వెడర్‌బర్న్ 1913లో రాసిన హ్యూమ్ జీవితచరిత్ర. హ్యూమ్ కాగితాల్లో దొరికిన ఒక జ్ఞాపిక అందులో ఉంది. దాని సారాంశం ఇదీ. వైస్రాయి లిట్టన్ దేశం విడిచి వెళ్ళడానికి సుమారు 15 నెలల ముందు (అంటే 1879 మొదట్లో అనుకోవాలి) హ్యూమ్‌కి ఏడు పెద్ద సంపుటాలు చూపించారు. జిల్లాలవారీగా, ఊళ్ళవారీగా 30 వేలమందికి పైగా పంపిన సమాచారం వాటిలో ఉంది. పేదజనం ఆకలితో, నిరాశతో ఉన్నారు, ఎలాగూ చస్తాం, చచ్చేలోపు ఏదో ఒకటి చేద్దామనుకుంటున్నారు, పాత కత్తులూ బరిసెలూ దాచిపెడుతున్నారు. హ్యూమ్ వాటిని ఓ వారంపాటు చూశాడు.

ఇంతవరకూ నేను చెప్పే కథే. కానీ ఆ 30 వేలమంది ఎవరు? పోలీసులు కాదు, ప్రభుత్వ గూఢచారులు కాదు. చేలాలు! గురువుకి ఒట్టు పెట్టిన శిష్యులు, దేశమంతటా వ్యాపించిన మత సంప్రదాయాలవాళ్ళు. వాళ్ళు తమ గురువులకు విన్నవించుకున్న సంగతులే ఆ సంపుటాలట. ప్రళయం రాబోతోందని భయపడి గురువుల తరఫువాళ్ళే హ్యూమ్‌ని కలిశారట. శిష్యుడు గురువుకి అబద్ధం చెప్పడు కాబట్టి ఆ సమాచారం నమ్మదగినదని హ్యూమ్ వాదన.

ఇదంతా ఆ పుస్తకంలో అచ్చై ఉంది, ఎవరూ దాచలేదు. ఆ పేజీ తెరవకుండానే మనం ఉపన్యాసాలిచ్చాం.

హ్యూమ్ ఎలాంటివాడో చెప్పకపోతే ఇది అర్థం కాదు. 1857లో ఇటావా కలెక్టరు. తిరుగుబాటును కళ్ళారా చూసినవాడు. తర్వాత కేంద్రంలో రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖ కార్యదర్శి అయ్యాడు. పైవాళ్ళతో పొసగక 1879లో ఆ పదవి పోయింది, 1882లో ఉద్యోగం మానేశాడు. పక్షిశాస్త్రంలో అంతటివాడు ఈ దేశంలో అప్పటికి లేడు. ఆయన సేకరించిన దాదాపు 82 వేల నమూనాలు 1885లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. పక్షి ముక్కును కూడా కొలిచిన మనిషే టిబెట్ మహాత్ములను నమ్మాడు. తెలివితక్కువవాళ్ళే మూఢనమ్మకాల్లో పడతారని అనుకునే మిత్రులు ఈయన్ని గుర్తుపెట్టుకోవాలి.

1879 చివరలో అలహాబాదులో హ్యూమ్‌కి దివ్యజ్ఞాన సమాజం వాళ్ళతో, అంటే మదాం బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్‌లతో పరిచయమైంది. మరుసటి ఏడాది అక్టోబరు 3న సిమ్లాలో హ్యూమ్ ఇంట్లో విందు. మీకు ఏ వస్తువు కావాలని బ్లావట్‌స్కీ హ్యూమ్ భార్యను అడిగింది. ఎప్పుడో పోయిన తన తల్లి బ్రోచ్ కావాలందామె. కాసేపటికి అందరూ లాంతర్లు పట్టుకుని తోటలోకి వెళ్ళారు. పూలమడిలో తవ్వితే కాగితంలో చుట్టిన బ్రోచ్ దొరికింది! అక్కడున్న పెద్దలంతా సాక్షి సంతకాలు చేశారు. సరిగ్గా అలాంటి బ్రోచ్‌నే బ్లావట్‌స్కీ అంతకుముందు బొంబాయిలో ఒక నగలవ్యాపారి దగ్గర బాగుచేయించుకుందని తర్వాతి విచారణలో సాక్ష్యం వచ్చింది.

ఆ తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. కూట్ హూమీ, మోర్య అనే ఇద్దరు మహాత్ములు హిమాలయాల అవతలినుంచి పయొనీర్ పత్రిక సంపాదకుడు సిన్నెట్‌కీ, హ్యూమ్‌కీ పేజీలకు పేజీలు రాసేవారు. ఇంగ్లీషులోనే లెండి. 1883లో అమెరికాలో హెన్రీ కిడిల్ అనే ఆయన తన 1880 నాటి ఉపన్యాసంలో వాక్యాలు మహాత్ముడి ఉత్తరంలో ఉన్నాయని బయటపెట్టాడు. మహాత్ముడి సంజాయిషీ ఏమిటో తెలుసా? ఉత్తరాన్ని మనోశక్తితో కాగితం మీదికి దించే పని ఒక కుర్ర చేలాకి అప్పగించాననీ, వాడు సరిగ్గా దించలేకపోయాడనీ! కాపీకొట్టి దొరికిపోయిన విద్యార్థి కూడా ఇంతకంటే మంచి సాకు చెబుతాడు. అయినా నమ్మేవాళ్ళు నమ్మారు.

మద్రాసు అడయారు కథ హేతువాదులకు బాగా తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. అక్కడ బ్లావట్‌స్కీ పడకగదిని ఆనుకుని ఉన్న గదిలో గోడకు ఒక చెక్క బీరువా. అందులో ఉత్తరం పెడితే మహాత్ముల జవాబు వచ్చేది. 1883లో బీరువా తలుపు తీస్తుండగా సాసరు పడి పగిలింది. ముక్కలు లోపల పెట్టి మూస్తే కాసేపటికి పూర్తి సాసరు! అలాంటి సాసర్లు కొన్ని వారాల ముందే మద్రాసు దుకాణంలో కొన్నట్టు తర్వాత తేలింది. అక్కడ ఇంటి పనులు చూసిన ఎమ్మా కూలుంబ్ అనే ఆవిడ గొడవపడి బయటికొచ్చి, బ్లావట్‌స్కీ తనకు రాసినవంటూ ఉత్తరాలను మిషనరీలకిచ్చింది. 1884 సెప్టెంబరులో మద్రాస్ క్రిస్టియన్ కాలేజ్ మేగజైన్ వాటిని అచ్చువేసింది. ఆ నెలలోనే సమాజం సభ్యులు కొందరు ఆ బీరువాను తగలబెట్టేశారు. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

లండన్ సైకికల్ రిసెర్చ్ సొసైటీ రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే యువకుణ్ణి పంపింది. ఆయన 1884 డిసెంబరులో అడయారు చేరి, నెలల తరబడి సాక్షులను ప్రశ్నించి, గోడలు కొలిచి, చేతిరాతలు పోల్చి, ఆమె చరిత్రలో నిలిచిపోయే మోసగత్తె అని తేల్చాడు. చేతిరాతల భాగం పక్షపాతంగా ఉందని 1986లో అదే సొసైటీ పత్రికలో వెర్నన్ హారిసన్ విమర్శించాడు. ఆ విమర్శలో బలం ఉంది కూడా. అయినా సాసర్లూ, బ్రోచ్‌లూ, కిడిల్ వాక్యాలూ దానితో మాయమైపోవు.

నేను హాడ్జ్‌సన్‌ని మనవాడని మురిసిపోయేవాణ్ణి. నివేదిక చివరికంటా ఎప్పుడూ చదవలేదు. ఈసారి చదివితే మతిపోయింది. మోసం సరే, ఎందుకు చేసినట్టు? డబ్బు కోసం కాదని ఆయనకే అనిపించింది. కారణం దొరకక ఏం రాశాడంటే, ఆమె రష్యన్ ఏజెంటు! భారతీయుల్లో బ్రిటిష్ వ్యతిరేకత పెంచడానికి వచ్చిందట. 1879లో బొంబాయి పోలీసులు కూడా అదే అనుమానంతో ఆమె వెంట మనిషిని తిప్పారు, దొరికిందేమీ లేదు. కీర్తికాంక్ష, అలవాటు, తన కథ తానే నమ్మడం, ఇవి చాలవా? హాడ్జ్‌సన్‌కి చాల్లేదు. అంత పెద్ద మోసం వెనక అంత పెద్ద కారణం ఉండాలనిపించింది. (అదే హాడ్జ్‌సన్ ఆ తర్వాత అమెరికాలో పైపర్ అనే మీడియం ద్వారా చనిపోయినవాళ్ళు మాట్లాడుతున్నారని నమ్మేశాడు.)

సిమ్లా, అడయారు కలిపి చూస్తే తమాషాగా ఉంటుంది. మహాత్ముల ఉత్తరాలు చదివిన ఒకే గుంపులో బ్లావట్‌స్కీ రష్యా కుట్ర, హ్యూమ్ బ్రిటిష్ కుట్ర. మొదటిది తెల్లవాళ్ళు నమ్మారు, రెండోది మనం నమ్మాం.

ఏడు సంపుటాలు బ్లావట్‌స్కీ చేసిన గారడీయేనా? అలా అనను. ఆమెతో పరిచయానికి ముందే వాటిని చూశానని హ్యూమ్ లెక్క, తేదీలు కుదరవు. ఆయన మనసు అలాంటి గురువులకు ముందునుంచే తలుపు తీసి ఉంచిందని మాత్రం చెప్పవచ్చు. బ్లావట్‌స్కీ అద్భుతాల్లో మోసం ఉందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు, సమాజంనుంచి తప్పుకున్నాడు. గురువులను మాత్రం వదల్లేదు. వాళ్ళ ద్వారా దేశం నాడి తనకు తెలుస్తోందని వైస్రాయి రిపన్‌కి ఉత్తరాలు రాశాడు.

మరి చేలాల కబుర్లు సర్కారు ఫైళ్ళుగా ఎలా మారాయి? ఈ లెక్క విప్పింది చరిత్రకారుడు బిపన్ చంద్ర. 1988లో వచ్చిన 'ఇండియాస్ స్ట్రగుల్ ఫర్ ఇండిపెండెన్స్'లో ఒక అధ్యాయమంతా దీనికే కేటాయించాడు. లాలా లజపతిరాయ్ 1916లో 'యంగ్ ఇండియా'లో, మితవాదులను ఎండగట్టడానికి, కాంగ్రెస్ డఫ్రిన్ బుర్రలో పుట్టిందన్నాడు. 1939లో గోల్వాల్కర్ దాన్ని తన హిందూ జాతి వాదానికి వాడుకున్నాడు. 1940లో కమ్యూనిస్టు రజనీ పామీ దత్ 'ఇండియా టుడే'లో సంపుటాలను ఏకంగా పోలీసు రహస్య నివేదికలు చేసేశాడు. అక్కడినుంచి మా స్టడీ సర్కిల్‌కి రావడానికి ఎంతసేపు? ఒక్క విషయంలోనూ పడని వాళ్ళంతా ఈ కథ దగ్గర ఒక్కటయ్యారు. నేను పామీ దత్ దారిలో వచ్చినవాణ్ణి, గోల్వాల్కర్ కూడా ఇదే మాట అన్నాడని తెలిసినప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఆ సంపుటాలు ఢిల్లీలోనూ లేవు, లండన్‌లోనూ లేవు. హ్యూమ్ ఉన్నది వ్యవసాయ శాఖలో, పోలీసు రహస్యాలు చూసేది హోం శాఖ. 30 వేలమంది వేగులు ఆనాటి ప్రభుత్వానికి ఎక్కడివి? డఫ్రిన్ సొంత కాగితాలు 1950ల చివర్లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. చూస్తే, కాంగ్రెస్‌ను కన్నతండ్రి అనుకున్న ఆయన, 1885 మేలోనే బొంబాయి గవర్నరుకి ఈ హ్యూమ్‌తో జాగ్రత్త అని హెచ్చరిక రాశాడు. హ్యూమ్ కాస్త తిక్కమనిషి, సత్యంతో పట్టింపు లేనివాడని ఆయన అభిప్రాయం. 1888లో కలకత్తా విందులో కాంగ్రెస్‌వాళ్ళను భూతద్దంలో తప్ప కనిపించని గుప్పెడుమందని ఎగతాళి చేసిందీ ఈయనే.

సేఫ్టీ వాల్వు అన్న మాట హ్యూమ్ వాడిందే. రక్తపాతం వస్తుందని నిజంగా భయపడ్డాడు, ఆ భయం అబద్ధం కాదు. 1876-78 కరువు కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలను ఊడ్చేసింది. ఆయన సంపుటాలు చదివానన్న రోజుల్లోనే, 1879 మార్చిలో, చిగురు పన్నుమీదా మన్సబ్‌దారు దోపిడీమీదా గోదావరి ఏజెన్సీలో రంప మన్యం తిరగబడింది, పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి. మహారాష్ట్రలో అదే ఏడాది వాసుదేవ బల్వంత్ ఫడ్కే. దేశం ఉడుకుతోందని తెలుసుకోవడానికి హిమాలయ గురువులు ఎందుకు? పత్రిక చదివినా తెలుస్తుంది.

అంతేకాదు, 1885 డిసెంబరు 28న బొంబాయి గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో కూర్చున్న 72 మంది హ్యూమ్ ఆడించిన బొమ్మలు కాదు. పూనా సార్వజనిక సభ, కలకత్తా ఇండియన్ అసోసియేషన్, మద్రాసు మహాజన సభ అప్పటికే పనిచేస్తున్నాయి. భారతీయుడెవరైనా ఇలాంటి సంస్థ పెడితే అధికారులు సాగనిచ్చేవారు కాదని గోఖలే తర్వాత అన్నాడు. వాళ్ళు హ్యూమ్‌ని వాడుకున్నారు. పిడుగు పడకుండా ఇంటిమీద కడ్డీ పెట్టుకున్నట్టు.

నేనెందుకు నమ్మాను? నిజం చెప్పాలంటే ఆ కథ చెప్పినప్పుడు నాకు బాగుండేది. ఎదుటివాళ్ళకు తెలియని లోపలి గుట్టు నాకు తెలుసన్న భావన. "మీకు పాఠంలో చెప్పరు గానీ..." అని మొదలుపెట్టేవాణ్ణి, పాఠంలో ఉన్నదే చెబుతూ. డెబ్భై రెండుమంది ప్లీడర్లు, పత్రికలవాళ్ళు, వర్తకులు ఏళ్ళ తరబడి తీర్మానాలు రాసుకుని, వాదులాడుకుని ఒక సంస్థ కట్టారంటే వినేవాళ్ళకు ఆవలింతలొస్తాయి. సిమ్లా బంగళా, రహస్య సంపుటాలు అంటే కుర్చీలో ముందుకు జరుగుతారు. కూట్ హూమీ ఉత్తరం అందుకున్న సిన్నెట్ కూడా ఇలాగే మురిసి ఉంటాడు.

హ్యూమ్ నిజంగా రాసిన కాగితాల సంగతి ఒకటుంది. భారతదేశపు పక్షులమీద పాతికేళ్ళ నోట్సు, అచ్చుకు సిద్ధం చేసుకుంటున్నది. 1885 ప్రాంతంలో ఊరినుంచి తిరిగొచ్చేసరికి పనివాడు దాన్ని సిమ్లా బజారులో చిత్తుకాగితాల కింద తూకానికి అమ్మేశాడు. ఆ దెబ్బకు ఆయన పక్షుల జోలికే వెళ్ళడం మానేశాడు.

తర్వాతి నెల మీటింగులో ఇదంతా చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. పరీక్షలో ఏ జవాబు పెట్టాలని మాత్రం అడిగింది. ఆ సంవత్సరం కీ చూసుకోమన్నాను, ఇంకేం చెప్పను? టీ తాగుతుండగా మా సంఘంలో నాకంటే పెద్దాయన, నాకు ఈ కథ మొదట నేర్పినాయన, భుజం మీద చెయ్యేశాడు.

"అదంతా సరేనోయ్. ఆర్కైవ్స్‌లో లేవంటే ఏమిటర్థం? తగలబెట్టి ఉంటారు."

అడయారులో తగలబెట్టిన బీరువాకి బూడిదైనా ఉంది, ఒప్పుకున్న మనిషైనా ఉన్నాడు అన్నాను. ఆయన నవ్వాడు. వచ్చే నెల ఆయన వంతు ఉపన్యాసం, విషయం కాంగ్రెస్ పుట్టుకే.