ఎంజీబీఎస్ మెట్రో కూడలి, కోఠి రెసిడెన్సీ పోరు

హైదరాబాదులో మూసీ ఒడ్డున, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ పక్కనే ఉన్న మెట్రో కూడలి ఎంజీబీఎస్. మియాపూర్ – ఎల్బీనగర్ రెడ్ లైన్, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ నుంచి వచ్చే గ్రీన్ లైన్ ఇక్కడ కలుస్తాయి. రెడ్ లైన్ రైళ్లు 2018 సెప్టెంబరు 24న ఇటు రావడం మొదలైంది. 9 స్టేషన్లతో 11 కిలోమీటర్ల గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైంది. పాతబస్తీలోకి ఈ లైన్‌ను పొడిగించేందుకు 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు.

పశ్చిమ ప్రకాశం వాళ్లకు ఈ చోటు కొత్త కాదు. మార్కాపురం, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు నుంచి మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా పట్నం వచ్చేవాళ్లు ఇమ్లిబన్ అని పిలిచే ఈ బస్‌స్టేషన్‌లోనే బస్సు దిగుతారు. ఒకప్పుడు అక్కడి నుంచి సిటీ బస్సు కోసం చూడాల్సి వచ్చేది. ఇప్పుడు సంచులు భుజాన వేసుకుని నేరుగా మెట్రో ఎక్కుతున్నారు. అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ వెళ్లేవాళ్లు ఒక ప్లాట్‌ఫాం మీదికి, ముషీరాబాద్, సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు ఇంకో ప్లాట్‌ఫాం మీదికి చీలిపోతారు.

ఈ హడావుడికి ఉత్తరంగా, నడిచి వెళ్లగలిగినంత దూరంలో కోఠి రెసిడెన్సీ ఉంది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం తొలి ఏళ్లలో కట్టించిన భవనం అది. 1949లో మహిళా కళాశాల అందులోకి వచ్చింది. ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం.

1857 జులై 17 సాయంత్రం ఆ భవనం మీద దాడి జరిగింది. ఢిల్లీలో తిరగబడిన సిపాయిల మీదికి వెళ్లడానికి నిరాకరించి, జమాదార్ చీదా ఖాన్, ఆయన సహచరులు హైదరాబాదు చేరుకున్నారు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ వారిని పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించాడు. దీంతో నగరం రగిలిపోయింది. మక్కా మసీదు దగ్గర గుమిగూడిన జనం, ఖైదీలను విడిపించాలంటూ కదిలారు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు. వెంట వందలాది రోహిల్లాలు ఉన్నారు. రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాస్‌ల ఇళ్లను ఆక్రమించుకుని అక్కడి నుంచి కాల్పులు జరిపారు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెంట్ డేవిడ్సన్ ఫిరంగులతో సిద్ధంగా ఉన్నాడు. రాత్రంతా పోరు సాగింది. తెల్లవారుజాముకల్లా తిరుగుబాటుదారులు వెనక్కి తగ్గక తప్పలేదు. ఆ తర్వాత కంపెనీవాళ్లు రెసిడెన్సీ చుట్టూ గోడలు, బురుజులు బలపరచుకున్నారు.

తుర్రెబాజ్ ఖాన్‌కు ద్వీపాంతర శిక్ష పడింది. అండమాన్‌కు పంపేలోపే, 1859 జనవరిలో ఆయన జైలు నుంచి తప్పించుకున్నారు. పట్టి ఇచ్చినవారికి 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర ఆయనను చంపి, శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు.

జనాన్ని భయపెట్టడానికి శవాన్ని వేలాడదీయడం పశ్చిమ ప్రకాశంలోని గిద్దలూరు ప్రాంతానికి అంతకుముందే తెలిసిన క్రౌర్యం. 1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాను కొట్టి, గిద్దలూరు దగ్గర కుంపిణీ సేనతో తలపడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీసి, తలను కోటకు వేలాడదీశారు. 1857లో దక్షిణాది కదల్లేదని ఇప్పటికీ కొందరంటుంటారు. గిద్దలూరులో పదకొండేళ్ల ముందు జరిగినదీ, కోఠిలో ఆ రాత్రి జరిగినదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలవదు. బడి పుస్తకాల్లో ఈ రెండు పోరాటాలకూ ఇంకా చాలా చోటు దక్కాలి.

కోఠిలో ఒక రోడ్డుకు తుర్రెబాజ్ ఖాన్ పేరు పెట్టారు. చూడాలనుకునేవాళ్లు ఎంజీబీఎస్‌లో మియాపూర్ రైలెక్కి తర్వాతి స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీలోనో, గ్రీన్ లైన్ మీద సుల్తాన్‌బజార్‌లోనో దిగి నడిచి వెళ్లవచ్చు.