సీ స్క్విర్ట్

సముద్రంలో రాళ్లకు, రేవు స్తంభాలకు, పడవల అడుగుకు అతుక్కుని బతికే జంతువు. చేతిలోకి తీసుకుని నొక్కితే పిచికారీలా నీళ్లు చిమ్ముతుంది, పేరు అందుకే వచ్చింది. మన డిగ్రీ జంతుశాస్త్ర పుస్తకాల్లోని హెర్డ్‌మానియా ఈ కోవదే.

చూడ్డానికి తోలుసంచి. పైనున్న కంచుకంలో సెల్యులోజ్ ఉంటుంది. మొక్కల్లో ఉండే ఈ పదార్థాన్ని జంతువు తయారుచేసుకోవడం చాలా అరుదు. ఒక రంధ్రంలోంచి నీరు లోపలికి వెళ్తుంది. జల్లెడ లాంటి గ్రసనిలో జిగురుపొర ఆహారపు నలుసులను పట్టుకుంటుంది. మిగిలిన నీరు రెండో రంధ్రం గుండా బయటపడుతుంది. గుండె తీరు మరీ విచిత్రం: కాసేపు రక్తాన్ని ఒకవైపు తోసి, ఆగి, మళ్లీ ఎదురువైపు తోస్తుంది.

ఇది ఉభయలింగ జీవి. గుడ్డులోంచి వచ్చే డింభకం తోకకప్పలా ఉంటుంది. తోకలో పృష్ఠవంశం (నోటోకార్డ్ అనే ఊత కడ్డీ), దానిపైన నాడీదండం ఉంటాయి. ఏమీ తినకుండా కొన్ని గంటలో, కొద్ది రోజులో ఈది, తలవైపు నుంచి రాతికి అతుక్కుంటుంది. తోక లోపలికి కుంచించుకుపోతుంది, పృష్ఠవంశం మాయమవుతుంది. ఇదే తిరోగమన రూపవిక్రియ. తన మెదడును తానే తింటుందనే ప్రచారం సరికాదు; డింభక నాడీవ్యవస్థలో చాలాభాగం కరిగి, ప్రౌఢజీవికి నాడీసంధి ఏర్పడుతుంది.

పూర్వం దీన్ని నత్తల జాతిలో చేర్చేవారు. 1866లో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ కోవలెవ్‌స్కీ డింభకంలో పృష్ఠవంశాన్ని గుర్తించాక ఇది వెన్నెముక జీవుల చుట్టమని తేలింది.